పసుపు జాకెట్ వచ్చేదాకా

సెప్టెంబర్ 7, ఆదివారం

పిన్నీ,

ఇవాళ పొద్దున మొట్టమొదటి వింత: నీ బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. నువ్వు నమ్మవని తెలుసు. నేనూ నమ్మలేదు. రెండో కిక్కు కోసం ఎత్తిన కాలు అలాగే గాల్లో పెట్టి చెవులు రిక్కించాను. నిజంగానే మోగుతోంది. అద్దం వణుకుతోంది, సీటు వణుకుతోంది, వాటిని చూసి నేనూ కాస్త వణికాను.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో మనిద్దరం మూడో మాటకి గొంతు పెంచుతాం, ఐదో మాటకి ఎవరో ఒకరం పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు. పైగా రాయడమంటే నాకిప్పుడు పిచ్చి పట్టిందని నీకు తెలుసు. మా భాష మేడమ్ చెప్పే ప్రతి కొత్త మాటా ఇంటికి తెచ్చుకుని, అన్నంలో కలుపుకుని తిన్నంత పనిచేస్తున్నాను.

అసలు సంగతి. నేనొక మోటార్ సైకిళ్ళ బృందంలో చేరాను. ఆగు, కాగితం నలపకు, పూర్తిగా చదువు.

మా హాస్టల్ కింద బేకరీ ఉంది కదా, అక్కడ బ్రెడ్డు అల్మారా పక్కన గోడకి ఒక కాగితం అంటించారు. ‘మట్టిదారులు, గుట్టలు, వాగులు. రెండు వారాలకోసారి ఆదివారం. బండి ఏదైనా సరే, కొత్తవాళ్ళయినా సరే. హెల్మెట్, బూట్లు తప్పనిసరి.’ ‘కొత్తవాళ్ళయినా సరే’ అన్న ముక్క చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడోరోజు వెళ్ళి పేరిచ్చేశాను. మూడు రైడ్లు అతిథిగా వెళ్ళాలి. ఆ తర్వాత అందరూ కూర్చుని, ఈ అమ్మాయిని ఉంచుకుందామా వద్దా అని తేలుస్తారు. నాకు ఉండాలని ఉంది పిన్నీ. ఈ ఊరొచ్చిన ఏడాదిలో క్లాసుకీ గదికీ మధ్య తప్ప నేను ఎక్కడికీ చెందలేదు.

అందరికన్నా ముందు నడిపేది పళ్ళ డాక్టరుగారు. ఆవిడతో నవ్వుతూ మాట్లాడకూడదు, పళ్ళు పరీక్షించేస్తారు. అందరికన్నా వెనక వచ్చేది బేకరీ పెద్దాయన. అల్లంత దూరం నుంచి కనిపించేలా పసుపు జాకెట్ వేసుకుంటారు. మధ్యలో ఒక డజను మంది. వాళ్ళలో లిఫ్టులు బాగుచేసే కుర్రాడొకడు నీ బండి చుట్టూ తిరిగి, “ఇది నడిపేదా, బట్టలు కుట్టేదా?” అన్నాడు. “రెండూ. ముందు నీ నోరు కుట్టమంటావా?” అన్నాను. అప్పట్నుంచీ స్నేహితులమైపోయాం. నేను మాటలు రాసుకునే పుస్తకం చూసి నాకు ‘డిక్షనరీ’ అని పేరు పెట్టాడు.

బయల్దేరే ముందు డాక్టరుగారు అందర్నీ గుండ్రంగా నిలబెట్టి నియమాలు చెప్పారు. “రాళ్ళ మీద హ్యాండిల్ బిగబట్టద్దు. ఒడుపుగా పట్టుకో, బండే దారి వెతుక్కుంటుంది” అన్నారు. ఒడుపు! ఎంత బాగుందో చూడు పిన్నీ. నోట్లో పెట్టుకుంటే జారిపోయేలా ఉంది. నేను దాన్ని రాసుకుని, కింద రెండు గీతలు గీసి తల ఎత్తేసరికి ఆవిడ మాట్లాడటం అయిపోయింది, ఇంజన్లు మోగుతున్నాయి.

తారు అయిపోయి మట్టి మొదలయ్యాక నేను ఆవిడ వెనకే ఉన్నాను. ఒక కూడలి దగ్గర ఆవిడ ఆగి, నాకేసి చూసి, వేలితో నేల చూపించి, “ఇక్కడే ఉండు. పసుపు జాకెట్ వచ్చేదాకా కదలకు” అని దుమ్ములో కలిసిపోయారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే నన్ను దాటి వెళ్ళారు, చెయ్యెత్తి పలకరిస్తూ. ఆ తర్వాత ఎవరూ లేరు. అక్కడో తుప్పు పట్టిన బోర్డు ఉంది పిన్నీ. దాని మీద అక్షరాలన్నీ రాలిపోయి ఒక బాణం గుర్తు మాత్రం మిగిలింది. ఎండ దాని చిల్లుల్లోంచి దిగి నా బూట్ల మీద చుక్కలు చుక్కలుగా పడింది. గాలి వచ్చినప్పుడల్లా ఆ చుక్కలు అటూ ఇటూ పరిగెత్తాయి. గడ్డి ఒకవైపే దువ్విన జుట్టులా ఉంది. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఎండ నా మోకాళ్ళ దాకా వచ్చింది. చివరికి పసుపు జాకెట్ వచ్చింది. ఎవరికో పంక్చరైందట. పెద్దాయన నన్ను చూసి “శభాష్” అని జేబులోంచి బన్ను తీసి ఇచ్చారు.

ఇంకో విశేషం. ఈ బృందంలో కవి హృదయాలు ఎక్కువ. ఆ తర్వాత ప్రతి మలుపు దగ్గరా ఎవరో ఒకరు బండి ఆపుకుని ప్రకృతిని చూస్తూ కనిపించారు. వాళ్ళ ధ్యానం చెడగొట్టకుండా మెల్లగా చెయ్యూపి వెళ్ళాను.

డాక్టరుగారి నంబరు వెనక రాశాను. అవసరం పడితేనే. ఊరికే చెయ్యకు.

నీ
చిట్టెలుక


సెప్టెంబర్ 11, గురువారం

చిట్టెలుకా,

నీ ఉత్తరం బడి గేటు ముందు నేను తోలే బస్సు ఆపుకుని, లాంగ్ బెల్ కొట్టేలోపు రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి రాలేదు.

ముందు బండి సంగతి. ఒక్క కిక్కుకి స్టార్టయిందంటే నీకంటే ముందు ఎవరో దాన్ని వేడిచేసి ఉంటారు. తొమ్మిదేళ్ళు తోలినదాన్ని, దాని వేషాలు నాకు తెలుసు. చోక్ లాగి, కాసేపు తిట్టి, అప్పుడు కొట్టాలి. నీకు నేను దాన్ని ఇచ్చింది కాలేజీకి వెళ్ళి రావడానికి. గుట్టలెక్కించమని ఇవ్వలేదు. మీ అమ్మ ఫోన్ చేసి అడిగితే, “కాలేజీకే వెళ్తోందక్కా” అన్నాను. నీ పుణ్యమా అని నా నోట అబద్ధం కూడా వచ్చింది.

ఇక ఆ బోర్డు సంగతి. చిల్లుల గురించి రాశావు, చుక్కల గురించి రాశావు, గడ్డి జుట్టు గురించి రాశావు. నిన్ను అక్కడ ఎందుకు నిలబెట్టారన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. నీకు తెలుసా అసలు?

నాకు తెలుసు, చెప్తాను విను. మా బడిలో కొత్తగా చేరిన పిల్లల్ని పెద్దపిల్లలు ఇలాగే గేటు దగ్గర నిలబెడతారు. “ఇక్కడే ఉండు, మేం వచ్చేదాకా కదలకు” అంటారు. వాళ్ళు రారు. గోడచాటు నుంచి చూసి నవ్వుతుంటారు. ఏడుస్తూ నా బస్సెక్కేది ఆ పిల్ల, ముక్కు తుడిచేది నేను. వాళ్ళు పెద్దయ్యాక ఏమవుతారా అనుకునేదాన్ని. మోటార్ సైకిళ్ళు కొనుక్కుంటారన్నమాట.

కొత్తపిల్ల, పాత బండి, వెనకపడుతుంది, ఓ మూల నిలబెట్టి పోదాం అనుకున్నారు. వాళ్ళు చెయ్యెత్తింది నిన్ను పలకరించడానికో, వెక్కిరించడానికో ఆలోచించుకో. బన్ను ఇచ్చారని పొంగిపోకు. బన్ను పెట్టి బుజ్జగించడం కూడా నేను చూసిందే.

చైనుకి ఆయిల్ వెయ్యి. మెడకి గుడ్డ కట్టుకో. మట్టి గొంతులో పడితే దగ్గు పట్టుకుంటుంది.

పిన్ని


సెప్టెంబర్ 15, సోమవారం

పిన్నీ,

నీ ఉత్తరం చదివాక గబగబా జవాబు రాద్దామని కూర్చున్నాను. మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను, రెండోదాంట్లో వాళ్ళని తిట్టాను, మూడోదాంట్లో ఏం రాయాలో తెలీక బండి బొమ్మ వేశాను.

నువ్వు రాసేదాకా నన్ను వదిలేశారని నాకు తట్టనేలేదు. నేను అక్కడ ఎంత హాయిగా ఉన్నానో! ఇప్పుడు అదే కూడలి గుర్తొస్తే గోడచాటున ఎవరో ఉన్నట్టుంది. చెయ్యెత్తినవాళ్ళ మొహాలు గుర్తు తెచ్చుకుంటున్నాను. హెల్మెట్ లోపల నవ్వారా? కనబడలేదు.

కానీ వాళ్ళు అలాంటివాళ్ళు కారనిపిస్తోంది. మొన్న సాయంత్రం బేకరీ వెనక షట్టరు కింద నీ బండి ముందు టైరుని లిఫ్టు కుర్రాడే విప్పి, ట్యూబు చూసి, మళ్ళీ ఎక్కించాడు. మట్టిలో గాలి కాస్త తగ్గించుకోవాలని, కాళ్ళు పెట్టుకునే పెగ్గుల మీద లేచి నిలబడితే మోకాళ్ళు కుదుపు మింగేస్తాయని చూపించాడు. పెద్దాయన ఆగి ఉన్న బండి మీద నన్ను కూర్చోబెట్టి, వెనక నుంచి పట్టుకుని, “చూపు చక్రం మీద పెట్టకు తల్లీ. నువ్వు ఎటు చూస్తే బండి అటు పోతుంది. గోతికేసి చూశావా, గోతిలోకే తీసుకెళ్తుంది” అన్నారు. ఎగతాళి చేసేవాళ్ళు ఇంత ఓపిగ్గా నేర్పుతారా?

“నన్నెందుకు అక్కడ నిలబెట్టారు?” అని అడిగితే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. అడగలేకపోయాను. డాక్టరుగారు ఆ పొద్దున అన్నీ చెప్పారట. నేను వినలేదని తెలిస్తే? క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేదాన్ని, చిన్నప్పట్నుంచీ చెప్పింది వినలేదనిపించుకోలేదు. ఇప్పుడు కూడా అనిపించుకోను.

వచ్చే ఆదివారం రెండో రైడ్. వెళ్ళనా?

గుడ్డ కట్టుకుంటున్నాను. నీ పాత చున్నీయే. ఇంకా నీ బస్సు వాసనే వస్తోంది.

నీ చిట్టెలుక


సెప్టెంబర్ 18, గురువారం

చిట్టెలుకా,

వెళ్ళద్దంటే వెళ్ళకుండా ఉంటావా? మీ అమ్మ వద్దన్న ప్రతి పనీ నా దగ్గరికొచ్చి చేసేదానివి. నేను వద్దంటే ఎవరి దగ్గరికి పోతావో, ఆ భయం కూడా ఉంది నాకు. వెళ్ళు.

ఒక్క మాట మాత్రం ఇవ్వు. మళ్ళీ అలాగే నిన్ను నడిరోడ్డు మీద పెట్టి పోతే కిలోమీటరు రాయిలా పాతుకుపోకు. వాళ్ళు దాటిపోగానే బండి తియ్యి, పసుపు జాకెట్ కోసం చూడకు. ఆ డాక్టరమ్మని అందుకుని, హెల్మెట్ తీసి, మొహం మీద అడుగు: “నన్నెందుకు వదిలేసి వచ్చారు?” అని. అడగడం తప్పు కాదు. నోరు మూసుకుని నిలబడటం తప్పు. అది చెయ్యలేనంటే, వచ్చే నెల నేనే వచ్చి బండి తెచ్చేసుకుంటాను. నువ్వు సిటీబస్సు ఎక్కు.

ఇవాళ మా ఒకటో తరగతి పిల్ల ఒకటి బూట్లు కుడిఎడమలు మార్చి వేసుకుని రోజంతా నడిచిందిట. “నొప్పి పుట్టలేదే?” అంటే “పుట్టింది, బూట్లు కొత్తవి కదా అనుకున్నా” అంది. నువ్వే గుర్తొచ్చావు.

పిన్ని


సెప్టెంబర్ 21, ఆదివారం

పిన్నీ,

బండికి ఏం కాలేదు. నాకూ ఏం కాలేదు. ఇది ముందు రాసేస్తున్నాను, తర్వాతిది చదివేటప్పుడు నువ్వు కంగారు పడకుండా.

ఇవాళ గుట్టల అవతల చెరువు కట్ట మీదికి వెళ్ళాం. దారిలో మూసేసిన రాళ్ళ క్వారీ ఒకటి ఉంది. దాని ముందు, లారీలు తూచే చిన్న గది, తలుపు లేదు, కిటికీ లేదు. అక్కడ దారి చీలుతుంది. నేరుగా పోతే క్వారీ, ఎడమకి పోతే చెరువు. ఈసారి కూడా నేను డాక్టరుగారి వెనకే ఉన్నాను. ఆవిడ ఈసారి కూడా వేలితో నేల చూపించి ఎడమకి తిరిగి వెళ్ళిపోయారు.

నిలబడ్డాను. ఒక్కొక్కరే దాటారు. చేతులు ఎత్తారు. ఈసారి నేను తిరిగి ఎత్తలేదు. తర్వాత రోడ్డు ఖాళీ అయిపోయింది. తూకపు గది గురించి ఒక్క మంచి వాక్యం కూడా తోచలేదు పిన్నీ. నీ ఉత్తరమే తోచింది. అటుగా వచ్చిన ట్రాక్టరు డ్రైవరు వేగం తగ్గించి, “దారి తప్పావా అమ్మాయ్? నీవాళ్ళు వదిలేసి పోయారా?” అన్నాడు. అంతే. చెవులు కాలిపోయాయి. పెద్దాయనా, లిఫ్టు కుర్రాడూ ఇంకా రాలేదని నాకు తెలుసు. తెలిసే బండి తీశాను.

చెరువు కట్ట మీద అందరూ బూట్లు విప్పుకుని కూర్చున్నారు. నేను హెల్మెట్ తీశాను, నువ్వు చెప్పినట్టే. “నన్నెందుకు వదిలేసి వచ్చారు?” అని అడగడానికి నోరు తెరిచాను. ఆవిడ నన్ను చూసి నవ్వి, నా వెనక్కి చూశారు. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది.

“పెద్దాయన ఏరి?”

“ఇంకా రాలేదండి.”

“రాకుండా నువ్వెలా వచ్చావు?”

అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు. ఆవిడ బూట్లు తొడుక్కుంటూనే చెప్పారు. మలుపు వచ్చినప్పుడల్లా ముందు బండికి సరిగ్గా వెనకున్నవాళ్ళు అక్కడ ఆగాలి. వెనకొచ్చేవాళ్ళకి దారి చూపించాలి. ఆఖర్న పసుపు జాకెట్ కనబడ్డాకే కదలాలి. అప్పుడు వాళ్ళు వెనకాల చేరిపోతారు, తర్వాతి మలుపు ఇంకొకరిది. అందుకే ఎవరి వేగంలో వాళ్ళు వెళ్ళగలరు, ఎవరూ తప్పిపోరు. మలుపులో మనిషి లేడంటే ఒక్కటే అర్థం: నేరుగా పో.

నేను లేను. వాళ్ళు నేరుగా పోయారు.

లిఫ్టు కుర్రాడి చైను ఊడిందట, అందుకే ఆలస్యం. క్వారీలోకి దిగే దారంతా గులకరాళ్ళు. పెద్దాయన బండి జారింది. మేం వెళ్ళేసరికి ఆయన రాయి మీద కూర్చుని ఉన్నారు, మణికట్టు చుట్టూ చేతిరుమాలు. బెణికిందట, విరగలేదు. నాలుగు వారాలు బండి ముట్టకూడదన్నారు. పిండి కూడా పిసకలేరు.

పిన్నీ, ప్రతి మలుపు దగ్గరా ఆగి ప్రకృతిని చూస్తున్నారని నేను నీకు రాసినవాళ్ళంతా నాకోసం నిలబడినవాళ్ళు. నేను తప్పిపోకుండా. నేను వాళ్ళకి చెయ్యూపి వెళ్ళాను.

“పొద్దున నియమాలు చెప్పేటప్పుడు ఏం చేస్తున్నావు?” అని అడిగారు డాక్టరుగారు.

“రాసుకుంటున్నానండి.”

“ఏం రాసుకున్నావు?”

“ఒడుపు.”

నా కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుంటే మట్టి అంటుకుంటోంది. ముందు నవ్వింది లిఫ్టు కుర్రాడు. తర్వాత పెద్దాయన, చెయ్యి పట్టుకుని మరీ. “నా చెయ్యి పోతే పోయింది గానీ మాట మంచిదే తల్లీ” అన్నారు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. “మూడో రైడ్ అయ్యాక చూద్దాం” అన్నారు.

నువ్వు కదలమన్నావని వాళ్ళకి చెప్పలేదు. నీకు కోపంగా కూడా రాయడం లేదు. అడగాల్సింది నేను, అడగలేదు. అంతే.

నీ
చిట్టెలుక


సెప్టెంబర్ 25, గురువారం

చిట్టెలుకా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రం ట్రిప్పు అయ్యేదాకా నాలో నేనే మాట్లాడుకుంటున్నాను. వెనకసీటు పిల్లలు “డ్రైవరాంటీ ఎవరితో పోట్లాడుతోందిరా?” అనుకుంటుంటే వినబడింది.

నాలుగింటికి బడి వదులుతారు. అందరూ ఎక్కేసినా ఒకళ్ళు తక్కువవుతారు, రోజూ. ఎవరో నీళ్ళ సీసా మర్చిపోయి వెనక్కి పరిగెడతారు. ఎవరో చీమల బారు చూస్తూ నిలబడిపోతారు. ఆ ఒక్కళ్ళూ ఎక్కేదాకా నేను గేరు వెయ్యను. వెనక ఉన్న బస్సులు హారన్లు మోగిస్తాయి, వెయ్యను. ఒకసారి హెడ్‌మాస్టరుగారే వచ్చి కిటికీ మీద కొట్టారు. “ఒక్క పిల్ల కోసం ఇంతమందిని ఆపుతావా?” అని. “ఔనండి” అన్నాను.

అలాంటిదాన్ని నేను. నీకు మాత్రం, ఆఖరివాళ్ళు రాకుండానే బండి తియ్యమని కాగితం మీద రాసి పంపాను. మీ వాళ్ళు నీతో చేయించింది నా పనే. అది నాకు కనబడలేదు. గోడచాటు పిల్లలే కనబడ్డారు.

నీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒకటుంది. ‘అడగాల్సింది నేను’ అని మొత్తం నీ నెత్తిన వేసుకుని హుందాగా ముగించావు. అంత హుందాతనం నీ వయసుకి అక్కర్లేదు. కొంచెం నన్ను తిట్టు.

మీ డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో ఇప్పుడు చెప్పను. ఆవిణ్ణీ చెప్పద్దన్నాను. నాలుగో తారీకు శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. బండి శుభ్రంగా కడిగి ఉంచు. తాళాలు రెండూ, కాగితాలూ ఒకచోట పెట్టు.

ఆ పెద్దాయనకి వేడినీళ్ళలో ఉప్పు వేసి చెయ్యి ముంచమను. డాక్టర్లు వంద చెప్తారు, ఇది చెప్పరు.

పిన్ని


సెప్టెంబర్ 28, ఆదివారం

పిన్నీ,

తిట్టమన్నావుగా, తిడుతున్నాను.

ఎందుకు ఫోన్ చేశావు? అవసరం పడితేనే అన్నాను కదా! నీ ఉత్తరం పట్టుకుని నేరుగా క్లినిక్‌కి పరిగెత్తాను. డాక్టరుగారు ఎవరి నోట్లోనో అద్దం పెట్టి ఉన్నారు. “మా పిన్ని ఏమన్నారండి?” అని తలుపు దగ్గర నుంచే అడిగాను. “చెప్పద్దన్నారమ్మా” అని మళ్ళీ ఆ నోట్లోకి వంగిపోయారు. కుర్చీలో ఉన్నాయన నాకేసి జాలిగా చూశాడు. ఆయన నోరే మూతపడటం లేదు, నన్ను చూసి జాలిపడ్డాడు.

తాళాలు, కాగితాలు, కడిగిన బండి. నాకు అర్థం కాదనుకున్నావా? నువ్వు దాన్ని తీసుకెళ్ళిపోతున్నావు. మర్నాడే నా మూడో రైడ్ అని తెలిసీ. నేను చేసినదానికి ఇదే శిక్షంటే పడతాను. కానీ ఒకటి విను. బండి లేకపోతే ఎవరినైనా బతిమాలుకుని వెనకసీటు మీద వెళ్తాను. ఎవరూ ఎక్కించుకోకపోతే ఆ తూకపు గది దాకా నడుస్తాను. నాకు ఆ మలుపు దగ్గర ఇంకోసారి నిలబడాలి పిన్నీ. వాళ్ళు నన్ను ఉంచుకున్నా సరే, పొమ్మన్నా సరే. ఒక్కసారి సరిగ్గా నిలబడి పోతాను.

పెద్దాయనకి సాయంగా రోజూ తెల్లారి బ్రెడ్డు ముక్కలు కొయ్యడానికి వెళ్తున్నాను. వంకరగా కోస్తున్నానట. కొనేవాళ్ళు “ఇదేంటి, మెట్లలా ఉంది?” అంటున్నారు. ఉప్పునీళ్ళు చెప్పాను. “మీ పిన్ని డాక్టరా?” అన్నారు. “కాదు, డాక్టర్లకి చెప్పేది” అన్నాను.

బండి కడిగాను. ఏడుస్తూ కడిగాను, అందుకని మెరుస్తోంది.

చిట్టెలుక


అక్టోబర్ 1, బుధవారం

పిచ్చిమొహమా,

శనివారం దాకా దాచి, నీ మొహం చూస్తూ చెప్దామనుకున్నాను. నువ్వు ఈలోగా కన్నీళ్ళతో నా బండికి తుప్పు పట్టించేలా ఉన్నావు.

బండి ఎందుకు కడగమన్నాను? మట్టి పట్టిన బండి చూస్తే నాకు అన్నం దిగదు గనక. తాళాలూ కాగితాలూ ఎందుకు? బండి నా పేరు మీద ఉంది. నీ పేరుకి మార్పించడానికి. తీసుకెళ్ళడానికి నాకు బస్సుంది, నలభై సీట్లది.

ఇక ఫోను. మీ డాక్టరమ్మతో అన్నది ఇదీ: “ఆ పిల్లని కదలమంది నేను. మీ ఆఖరి మనిషి పడిపోయాడు కాబట్టి ఆ ఆఖరి చోటు ఈసారి నేను చూసుకుంటాను.” ఆవిడ చెప్పింది, పెద్దాయన ఇంటి దగ్గర ఉండలేక గోల పెడుతున్నారట. బేకరీ వ్యాన్ ఉందట, టైర్లూ పనిముట్లూ వేసుకుని వెనకాల రావచ్చట, తోలే మనిషి లేడట. “నేను తోలేది అరుస్తూ, వాంతులు చేసుకుంటూ, పాటలు పాడే నలభైమందిని. మీ పెద్దాయనా నాలుగు టైర్లూ నాకో లెక్కా?” అన్నాను. పగలబడి నవ్వింది. మంచిదే. పళ్ళు ఎలా ఉంటాయో చూడాలి.

మీ అమ్మకి నిజం చెప్పేశాను. కాసేపు ఇద్దరినీ కలిపి తిట్టింది. “గుడ్డ కట్టుకుంటోందా?” అని అడిగి పెట్టేసింది.

పిన్ని


అక్టోబర్ 4, శనివారం, సాయంత్రం

పిన్నీ,

ఇది పోస్టు చెయ్యను. నువ్వు ఇదే గదిలో, నా మంచం మీద, నా దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నావు. లేపి చెప్పచ్చు. మూడో మాటకి పోట్లాట వస్తుంది. ఇవాళే రెండుసార్లు అయ్యాయి, ఒకటి చోక్ గురించి, ఒకటి నా గోళ్ళ గురించి. అందుకని రాసి, వ్యాన్ స్టీరింగుకి రబ్బరుబ్యాండుతో కట్టి పెడతాను. ఇంజన్ వేడెక్కేలోపు చదువు.

మధ్యాహ్నం నువ్వు పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వ్యాన్ చూసుకోవడానికి వీధులు తిరిగి వచ్చావు కదా. నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో నీకు తెలీదు. డాక్టరుగారు బేకరీ మెట్ల మీద అందర్నీ కూర్చోబెట్టి రేపటి వరస చెప్పారు. నేను పుస్తకం తియ్యలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలా విన్నాను. ఆవిడ చెప్పడం ఆపి, “డిక్షనరీ, మలుపు నియమం నువ్వు చెప్పు” అన్నారు. చెప్పాను. ఒక్క ముక్క తప్పలేదు. “మరి ఎంతసేపైనా ఎవరూ రాకపోతే?” అని అడిగాడు లిఫ్టు కుర్రాడు, ఇరికిద్దామని.

“నిలబడతాను.”

“వాన వస్తే?”

“తడుస్తాను.”

“మీ పిన్ని ఉత్తరం రాస్తే?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. “పిన్ని ఆఖర్న ఉంటుంది. ఆవిడ వస్తేనే కదా ఉత్తరం వచ్చేది” అన్నాను.

డాక్టరుగారు ఈసారి నవ్వారు. “రేపు నా వెనకాల నువ్వే” అన్నారు. ‘నా వెనకాల’ అంటే ఏమిటో నీకు ఇప్పుడు తెలుసు. మొదటి మలుపు నాది. రేపు కూడా చెరువు కట్టకే వెళ్తున్నాం. మొదటి మలుపు ఆ తూకపు గదే.

రేపు సాయంత్రం వాళ్ళు కూర్చుని నన్ను ఉంచుకోవాలో వద్దో తేలుస్తారు. దాని గురించి ఇవాళ ఆలోచించకూడదని అనుకున్నాను. అనుకున్నంతలో సగమే కుదిరింది.

పసుపు జాకెట్ నీకు మరీ వదులు. చేతులు మడిచి గుచ్చుకోవడానికి రెండు పిన్నీసులు జేబులో పెట్టాను. పెద్దాయన నీ పక్కన కూర్చుని దారంతా “మెల్లగా, మెల్లగా” అంటారు. పట్టించుకోకు. క్వారీ ముందు గులకరాళ్ళు మొదలవుతాయి, హ్యాండిల్, అదే, స్టీరింగు బిగబట్టకు. ఎలా పట్టుకోవాలో ఆ మాట నీకు తెలుసు.

ఆరింటికి బేకరీ ముందు అందరూ కలుస్తాం. నేను డాక్టరుగారితో ముందు వెళ్ళిపోతాను. తూకపు గది ఎడమపక్క, రోడ్డుకి ఇవతల, నీ బండి, నీ చున్నీ, నేను. నువ్వు ఎంత ఆలస్యం చేసినా ఫరవాలేదు. ఎవరికైనా పంక్చరైతే దగ్గరుండి వేయించు, ఎవరైనా చీమల బారు చూస్తూ ఆగిపోతే ఆగు. అందరినీ ఎక్కించుకునే రా. నీ పసుపు జాకెట్ కనబడేదాకా నేను అక్కడి నుంచి కదలను.

నీ
చిట్టెలుక